రిలీవర్ వచ్చేదాకా

నా నోరు మంచిది కాదని ఉక్కు ప్లాంటువాళ్లుండే సెక్టర్ సిక్స్‌లో మా లైనంతా ఒప్పుకుంటుంది. మా ఆయన సత్యారావు గారైతే ఇంకో అడుగు ముందుకేసి, "ఈ నోటికి ఇంట్లో పని సరిపోడం లేదు, కోర్టుకి పంపీయాల" అనేవారు. ఆయన నవ్వులాటకి అన్నారు. నేను నిజం చేశాను. పిల్లలిద్దరూ పెద్ద చదువులకి వచ్చాక, నలభై దాటిన వయసులో, దుర్గ్‌లో సాయంత్రం పూట నడిచే ఒక లా కాలేజీలో చేరాను. పెళ్లికి ముందు విజయనగరంలో చదివిన బి.ఏ. అన్నాళ్లకి అక్కరకొచ్చింది.

నేను చేరిన ఏడాదే సత్యశ్రీ అక్కడ పాఠాలు చెప్పడానికి చేరింది. సత్యశ్రీ అంటే ఎవరో కాదు, మా పక్క క్వార్టర్ గురునాథరావు గారి అమ్మాయి. నేను చంకనేసుకుని తిప్పిన పిల్ల. మొదటిరోజు ఆ పిల్ల క్లాసులోకి రాగానే అందరితోపాటు లేచి "గుడ్ ఈవెనింగ్ మేడమ్" అనాల్సొచ్చేసరికి నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల మాత్రం పెదవి కదపలేదు. "కూర్చోండి గౌరీదేవి గారూ" అని హాజరు వేసుకుంది. ఇంటికొచ్చాక పెరటి గోడ మీంచి తల పెట్టి, "అత్తా, రేపు మళ్లీ నవ్వితే బయటికి పంపీస్తాను, చూసుకో" అని బెదిరించింది. పంపేస్తుందని నాకు తెలుసు. తండ్రి పోలిక.

అది తొంభై ఐదు. రాష్ట్రం ఇంకా రెండుగా విడిపోలేదు, మాది మధ్యప్రదేశే. ఆ కాలేజీవాళ్లు ఎక్కడ చూసొచ్చారో గానీ కొత్తగా ఒక పోస్టు పెట్టారు. పేరుకి లెక్చరరు. పనులు మాత్రం మూడు. సాయంత్రం పాఠం చెప్పాలి. పగలు ఏదైనా విషయం మీద పరిశోధన చెయ్యాలి. ఇవి కాక బయటి దేశాల యూనివర్సిటీలతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపి, వాళ్ల మనుషుల్ని ఇక్కడికి రప్పించాలి, వీలైతే మన మనుషుల్ని అక్కడికి పంపించాలి. రెండేళ్లు చూస్తారు. ఆ తర్వాత ఇంటర్వ్యూ పెట్టి పోస్టుని పర్మనెంటు చేస్తారు. విశాఖపట్నంలో మేనమామ ఇంట్లో ఉండి ఎల్లెల్లెమ్ చేసొచ్చిన సత్యశ్రీకి ఆ పోస్టు దొరికింది.

"మూడు పనులకి ఒక్క మనిషేటే? ఆళ్లకి సిగ్గునేదా?" అని నేను అడిగాను.

"నాకు ఇష్టమైన మూడు పనులూ ఒక్క కుర్చీలో ఉన్నాయి అత్తా. ఇంకెక్కడా దొరకవు. ఆ కుర్చీ నాది అయిపోవాలి, అంతే" అంది. ఆ మాట అన్నప్పుడు దాని మొహం చూడాలి. బొమ్మల కొట్టు ముందు నిలబడ్డ పసిపిల్లే.

ఇక్కడ గురునాథరావు గారి గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఆయన ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. కరిగిన ఉక్కు నింపిన ఇంతలేసి బానల్ని ఎత్తి అవతలికి చేర్చే క్రేన్ అది. ఆయన కూర్చునే గది ఎక్కడో పైకప్పు దగ్గరుంటుంది. ప్లాంటులో ఒక కట్టుబాటు ఉంది. మీ షిఫ్టు అయిపోయినా సరే, మీ తర్వాతి మనిషి వచ్చేదాకా మీరు సీటు వదలకూడదు. ఆ వచ్చేవాణ్ని రిలీవర్ అంటారు. అతనొచ్చాక కూడా చేతులు దులుపుకుని దిగిపోకూడదు. యంత్రం ఎలా ఉంది, ఎక్కడ చప్పుడు చేస్తోంది, ఏ పని సగంలో ఉంది, ఏదీ దాచకుండా చెప్పి అప్పజెప్పాలి. అది చార్జ్ ఇవ్వడం. మర్నాడు మీ వేళకి మీరెళ్లగానే అతను కూడా అలాగే చార్జ్ ఇచ్చి లేస్తాడు. లేవనని మొండికేసినవాణ్ని మేమెవరం చూడలేదు, వినలేదు.

రిలీవర్ రాకపోతే గురునాథరావు గారు మారుమాట్లాడకుండా రెండో షిఫ్టు కూడా చేసేవారు. ఆయన భార్య వరలక్ష్మమ్మ వదిన కంచం మూతేసి మా వాకిట్లోకొచ్చి కూర్చునేది. "ఈయనకి రేపో మాపో రిలీవరొస్తాడు. ఈ వంటింట్లోంచి నన్ను దింపడానికి ఏ రిలీవరొస్తాడే గౌరీ?" అని నవ్వేది. నవ్వేది గానీ అందులో మంటుండేది. నాకు తెలియదేటి, నాదీ అదే మంట.

ఆ ఇంట్లో పెరిగిన పిల్ల కాలేజీని కూడా ప్లాంటులాగే చూసింది. మా క్లాసులో సగంమంది ప్లాంటువాళ్లు, కొందరు రైల్వేవాళ్లు, కోర్టు గుమాస్తాలు, ఇద్దరు ముగ్గురం ఆడవాళ్లం. మధ్యాహ్నం షిఫ్టు పడ్డ వారం ప్లాంటువాళ్లకి సాయంత్రం పాఠం పోతుంది. పోతే పోయిందని ఏ లెక్చరరూ పట్టించుకోలేదు అంతవరకు. సత్యశ్రీ మాత్రం అలా తప్పిపోయినవాళ్లందరినీ ఆదివారం పొద్దున్న తమ క్వార్టర్ వరండాలో కూర్చోబెట్టి ఆ వారం పాఠమంతా మళ్లీ చెప్పేది. వరలక్ష్మమ్మ వదిన "ఇదేటి ఇల్లా, ధర్మసత్రమా" అని సణుగుతూనే అందరికీ టీలు పెట్టేది. సణుగుడు ఎక్కువైన రోజు టీలో అల్లం కూడా ఎక్కువ పడేది.

బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసే తాతబ్బాయి గారని మాతో చదివేవారు. బొబ్బిలి మనిషి. రాత్రి షిఫ్టు చేసొచ్చిన వారం క్లాసులో కళ్లు మూసుకునే కూర్చునేవారు. మొదట్లో అందరం నవ్వేవాళ్లం. ఒకరోజు సత్యశ్రీ ఉన్నట్టుండి ఆయన్ని ప్రశ్న అడిగితే, కళ్లు తెరవకుండానే జవాబు చెప్పేశారు. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ కదపలేదు.

పగళ్లు దాని పరిశోధన. చుట్టుపక్కల చిన్న ఫ్యాక్టరీల్లో ఠేకేదార్ల కింద, అంటే కాంట్రాక్టర్ల కింద, పనిచేస్తూ దెబ్బలు తిన్న కూలీలకి చట్టం ఇమ్మన్న పరిహారం ఎందుకు చేరటం లేదు అని. లూనా మోపెడ్ వేసుకుని బస్తీలన్నీ తిరిగేది. నల్లబడిపోయింది. "పెళ్లి సంబంధమోళ్లు వచ్చీసరికి బొగ్గుకీ దీనికీ తేడా తెలవదు" అని వదిన తల కొట్టుకునేది. అలా తిరిగి రాసిన వ్యాసం ఒకటి జర్మనీలో మనలాంటి ఉక్కు ఊరి యూనివర్సిటీవాళ్లు చదివారు. ఉత్తరాలు నడిచాయి. తర్వాత అక్కణ్ణించి ఒక ఆడ ప్రొఫెసరు వచ్చి, మా క్లాసులో కూర్చుని, వదిన చేతి పులిహోర తిని, ముక్కు ఎర్రగా చేసుకుని వెళ్లింది. వెళ్లినావిడ ఊరుకోలేదు. తొంభై ఆరు అక్టోబరు నుంచి మూడు నెలలు మా యూనివర్సిటీకి వచ్చి పాఠాలు చెప్పండి, మీ పరిశోధన మావాళ్లకి వినిపించండి అని సత్యశ్రీని పిలిచింది.

లైనంతా పండగే. పేపర్లో ఫోటో కూడా పడింది, సత్యశ్రీది చిన్నది, పక్కన ప్రిన్సిపాల్ సాబ్‌ది పెద్దది. అందరం సంబరపడుతుంటే అది మాత్రం ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, "నా రిలీవర్ ఎవరు సార్?" అని అడిగిందట.

ఆయనకి అర్థం కాలేదు. మూడు నెలలే కదా, క్లాసు ఆగితే ఆగుతుంది, వచ్చాక చెప్పుకో అన్నారట.

"రిలీవర్ లేకుండా నేను కదలను సార్. పరీక్షలు ఏప్రిల్‌లో. మధ్యలో వదిలేసి పోతే వీళ్లు మునిగిపోతారు" అంది.

"అయితే నువ్వే వెతుక్కో" అన్నారాయన. వెతుక్కుంది.

దొరికినవాడు మనోజ్‌కుమార్. వాళ్ల నాన్న బలరాం గారు రైల్వేలో కేబిన్ మ్యాన్‌గా చేసి రిటైరై, వైశాలి నగర్‌లో అద్దెకుండేవారు. కుర్రాడు ఇక్కడే పుట్టాడు. తెలుగు మాట్లాడితే ముక్కకి రెండు ముక్కలు హిందీ. లా మంచి మార్కులతో పాసై దుర్గ్ కోర్టులో ఒక వకీలు దగ్గర జూనియరుగా ఫైళ్లు మోస్తున్నాడు. సీనియరు ఒక్క కేసులో కూడా నోరు విప్పనివ్వడు. పాఠం చెప్పమనగానే అతని కళ్లు వెలిగిపోయాయని సత్యశ్రీయే చెప్పింది.

వెళ్లేముందు వారమంతా అది అతన్ని వరండాలో కూర్చోబెట్టుకుని చార్జ్ ఇచ్చింది. అవతల నుంచి నేను, వదిన చెవులు రిక్కించి వింటూనే ఉన్నాం. పాఠాల నోట్సు ఇచ్చింది. పరిశోధన కాయితాలు చూపించింది. జర్మనీవాళ్లు ఏం అడిగితే ఏం జవాబివ్వాలో చెప్పింది. చివరికి మా గుణాలు కూడా ఒక్కొక్కటీ అప్పజెప్పింది. "తాతబ్బాయి గారు కళ్లు మూసుకుంటే లేపకు, వింటూనే ఉంటారు. గౌరీదేవి గారు పాఠం మొదలవ్వకుండానే ప్రశ్నలు మొదలెడతారు. ముందు వాటికి జవాబు చెప్పెయ్యి, లేకపోతే నీకు పాఠం సాగదు."

"దీనికి బుద్ధుందేటి?" అంది వదిన నా చెవిలో. అతను వెళ్లాక ఇద్దరం కలిసి దాని మీద పడ్డాం.

"ఒలే, ఇంటి తాళాలన్నీ తీసి ఊరోడి సేతిలో పెట్టీసినావేటే? నువ్వొచ్చీసరికి ఆ సీట్లో ఆడు పాతుకుపోతే ఏటి సేస్తావు?" అంది వదిన.

"రిలీవర్ సీటు ఎందుకు తీసుకుంటాడమ్మా? నాన్న రిలీవర్లు ఎవరైనా తీసుకున్నారా?"

"అది ప్లాంటే తల్లీ. ఇది కాలేజీ" అన్నాను నేను. "ప్లాంటులో సీటు నీదని చిట్టా ఉంది. ఇక్కడ నీకేటుంది, రెండేళ్ల మాట తప్ప?"

అది నవ్వేసింది. గురునాథరావు గారు పేపరు దించకుండానే, "చార్జ్ ఇస్తే పూర్తిగా ఇయ్యాల. సగం దాసుకుని ఇచ్చినోడు ఆపరేటరు కాదు" అన్నారు. ఇక మేమేం మాట్లాడతాం? తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకటే.

సత్యశ్రీ వెళ్లింది. మనోజ్ వచ్చాడు. నేను అతన్ని నాలుగు రోజులు నా ప్రశ్నలతో దులిపేశాను. తట్టుకున్నాడు. తెలియనిది "నహీ మాలూమ్ ఆంటీ, కల్ చూసి చెప్తాను" అనేవాడు, మర్నాడు చూసి చెప్పేవాడు. ఆదివారం పొద్దున్న వైశాలి నగర్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి అదే వరండాలో షిఫ్టువాళ్లకి పాఠం చెప్పేవాడు. బాగా చెబుతున్నాడు. అదే నాకు కష్టంగా ఉండేది. చెడ్డగా చెబితే బావుణ్ణు కదా, ఎవరికీ బెంగ ఉండేది కాదు.

డిసెంబరు మొదట్లో కాలేజీ బోర్డు మీద నోటీసు కనిపించింది. ఆ పోస్టుని పర్మనెంటు చేస్తున్నారట. ఇంటర్వ్యూ ఆ నెలలోనే. రెండేళ్లు చూస్తామన్నవాళ్లకి ఏడాదిన్నరకే ఏం తొందరొచ్చిందో! అసలు మనిషి సముద్రాల అవతల ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. సరాసరి ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లాను.

"ఇదేటండీ సాబ్? పెళ్లికూతురు ఊళ్లో లేకుండా ముహూర్తం పెట్టీసినారు?" అన్నాను. హిందీలోనే అన్నాను లెండి, కానీ మాట అదే.

"మేనేజ్‌మెంట్ నిర్ణయం మాతాజీ. మనోజ్ బాగా చెబుతున్నాడు. ఇంగ్లీషు బావుంది. ఏదీ అడగడు. ఆమెకి ఆదివారం కూడా క్లాసు కావాలి, రిలీవర్ కావాలి, అన్నీ కావాలి" అన్నారాయన. మాతాజీ అన్నాడు నన్ను! ఆయన కన్నా నేనే చిన్నదాన్ని.

ఆ సాయంత్రమే ఎస్టీడీ బూత్ నుంచి జర్మనీకి ఫోన్ చేశాం, నేనూ వదినా. వదిన ఏడుపు తప్ప మాట రాకపోతే నేనే చెప్పాను. అది నోటీసులో తేదీ రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. తర్వాత, "ఇక్కడ నా పాఠాలు ఇంకా ఉన్నాయి అత్తా. ఇరవై మందిని కూర్చోబెట్టి మొదలుపెట్టాను. మధ్యలో దిగిపోలేను. నేను వచ్చేదాకా ఆగమని ప్రిన్సిపాల్‌కి ఫ్యాక్స్ పంపుతాను" అంది. పంపింది కూడా. జవాబు రాలేదు.

ఇంటర్వ్యూ జరిగిపోయింది. మనోజ్ వెళ్లాడు. వెళ్లకపోతాడేమోనని నాకు లోపల ఎక్కడో ఆశ ఉండేది, కానీ ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాడు. జనవరి నుంచి చేరమని అతని పేరు మీద ఆర్డరు వచ్చింది.

ఆ రోజు నుంచి మా క్లాసు క్లాసులా లేదు. ఎవరూ అతనితో మాట్లాడలేదు. తాతబ్బాయి గారు కళ్లు తెరిచి కూర్చోవడం మొదలెట్టారు, అతన్ని అలా చూస్తూ. నేను ప్రశ్నలడగడం మానేశాను. నేను ప్రశ్న అడగలేదంటే ఎంత కోపమో మా లైన్లో ఎవర్నైనా అడగండి. వదిన ఆదివారం టీ మానలేదు గానీ అతని గ్లాసు మాత్రం చేతికివ్వకుండా గోడ మీద టక్కున పెట్టి వెళ్లిపోయేది. అతను తలొంచుకుని పాఠం చెప్పి, తలొంచుకుని సైకిలెక్కేవాడు. ఏం మనిషిరా బాబూ, కనీసం తిరిగి నాలుగు మాటలైనా అనడు, పోట్లాడుకుందామంటే!

జనవరి మొదటి వారంలో సత్యశ్రీ ఢిల్లీ మీదుగా దుర్గ్‌లో దిగింది. చిక్కిపోయింది. ఇంట్లో అడుగు పెట్టగానే వదిన దాన్ని పట్టుకుని గొల్లుమంది.

"పోనాది. నీ సీటు పోనాదే. నానేటి సెప్పినాను? ఇన్నావా నా మాట?"

సత్యశ్రీ తల్లిని ఓదార్చింది గానీ తను ఏడవలేదు. స్నానం చేసి, అన్నం ముందు కూర్చుని కెలికి లేచింది. గడియారం చూసింది. సాయంత్రం క్లాసు వేళవుతోంది. తండ్రి వైపు చూసింది.

"నేను వెళ్లాలా నాన్నా? ఆ సీట్లో ఇంకొకళ్ల పేరుంది. నేను వెళ్లి గుమ్మంలో నిలబడితే నవ్వుతారు."

గురునాథరావు గారు అప్పటికే చెప్పులేసుకుంటున్నారు. "నీ సెలవు అయిపోనాది. నువ్వు డ్యూటీకి ఎల్లాల. ఆడు సీటిస్తాడో ఇవ్వడో ఆడిష్టం. కానీ డ్యూటీకి నువ్వు రానేదన్న మాట రేపు ఎవడూ అనకూడదు. పద" అన్నారు. ముగ్గురం ఆయన వెనకాలే టెంపో ఎక్కాం. వదిన ఎప్పుడూ ఆ కాలేజీ మొహం చూసింది కాదు, ఆ రోజు తనూ వచ్చింది.

మేం వెళ్లేసరికి మనోజ్ పాఠం చెబుతున్నాడు. నేను వెళ్లి నా బెంచీలో కూర్చున్నాను. గురునాథరావు గారు, వదిన వరండాలో ఆగారు. సత్యశ్రీ గుమ్మంలో నిలబడింది. క్లాసంతా వెనక్కి తిరిగింది. ఆ పిల్లని ఎవరైనా ఒక్క మాట అంటే ఏం చేస్తానో నాకే తెలియదు.

మనోజ్ చూశాడు. చెబుతున్న వాక్యం పూర్తి చేశాడు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, పక్కకి జరిగాడు.

"ఆయియే దీదీ. చార్జ్ తీసుకోండి" అన్నాడు.

బల్ల మీది నోట్సు తెరిచి దాని ముందు పెట్టాడు.

"కాంపెన్సేషన్ చట్టం పూరా అయింది. యూనియన్ల చట్టం కూడా. తాతబ్బాయి అంకుల్‌కి అన్నీ వచ్చు. కొత్తగా చేరినోళ్లు ఇద్దరు వెనకబడ్డారు, పేర్లు రాసి పెట్టాను. గౌరీ ఆంటీ నెల నుంచి సవాల్ అడగటం లేదు, ఒక్క ప్రశ్న కూడా. నారాజ్‌గా, కోపంగా ఉన్నారు. డొమెస్టిక్ ఎంక్వైరీ చాప్టర్ ఒక్కటే మిగిలింది. అది చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?" అంది సత్యశ్రీ. టీచరు కదా, ముందు అదే అడిగింది.

అతను తలెత్తి దాని వైపు చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎలా చెప్పను దీదీ? ఒక మనిషిని నౌకరీలోంచి తీసేముందు పిలవాలి, ఆ మనిషి చెప్పేది వినాలి, ఆ మనిషి లేనప్పుడు ఫైసలా చెయ్యకూడదు, అదే కదా పాఠం? రెండు సార్లు మొదలుపెట్టాను. వీళ్లందరూ నన్నే చూస్తున్నారు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? పొద్దున్న ఆర్డర్ వాపస్ ఇచ్చేశాను. మళ్లీ ఇంటర్వ్యూ పెట్టండి, దీదీ ఉన్నప్పుడు పెట్టండి, అప్పుడు నేనూ వస్తాను అని రాసిచ్చాను. సాబ్ నన్ను పాగల్ అన్నారు."

సత్యశ్రీకి అప్పుడు ఏడుపొచ్చింది. జర్మనీ ఫోన్‌లో రాని ఏడుపు, తల్లి మెడ పట్టుకుంటే రాని ఏడుపు, ముప్పై మంది ముందు వచ్చింది. పమిట కొంగుతో మొహం ఒత్తుకుని, "నీకు అక్కర్లేదా మరి ఆ పోస్టు?" అంది.

"కావాలి దీదీ. చాలా కావాలి. ఆ కోర్టులో ఫైళ్లు మొయ్యలేకపోతున్నాను. ఇక్కడ నిలబడితే నేను మనిషినని అనిపిస్తుంది. కానీ ఇలా వద్దు."

అతను వెళ్లబోతుంటే సత్యశ్రీ ఆపింది. "కూర్చో. ఆ మిగిలిన పాఠం నువ్వు కూడా విను" అంది. అతను వచ్చి నా పక్క బెంచీలో కూర్చున్నాడు. నేను జరిగి చోటిచ్చాను. ఇచ్చి ఊరుకుంటానా, "ఇన్నాళ్లూ ఆ మాట నోరు తెరిచి చెప్పొచ్చు కదరా నాయనా, అందరి చేత తిట్లు తినకపోతే" అన్నాను. "మీరు సవాల్ అడగలేదు కదా ఆంటీ" అన్నాడు మెల్లిగా. వెధవ! నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆ ఆర్డరు తిరిగొచ్చేసరికి మేనేజ్‌మెంట్‌వాళ్లు నీళ్లు నమిలారు. అవతల జర్మనీవాళ్లకి తెలిసిందల్లా సత్యశ్రీ పేరే. వాళ్ల యూనివర్సిటీకీ మా కాలేజీకీ మధ్య రాకపోకల ఒప్పందం మీద సంతకాలకి వేసవిలో వస్తామన్నారు. గత్యంతరం లేక మార్చిలో మళ్లీ ఇంటర్వ్యూ పెట్టారు. ఈసారి నోటీసు ఇద్దరి చేతికీ ఇచ్చారు.

ఆ రోజు పొద్దున్న మనోజ్‌ని వదిన తమ క్వార్టర్‌కే రమ్మంది. ఇక్కడివాళ్లు మంచి పనికి వెళ్లేముందు పెరుగు, పంచదార తినిపిస్తారు. వదిన అది ఇద్దరి చేతుల్లోనూ పెట్టింది. కుర్రాణ్ణి నెల్లాళ్లు తిట్టిన నోటితోనే, "ఇద్దరికీ రావాలని మొక్కినాను బాబూ" అంది.

"ఉన్నది ఒకటే పోస్టమ్మా" అంది సత్యశ్రీ.

"అది దేవుడు సూసుకుంటాడు. ఆ బాధ నాకేటి?"

ఇద్దరూ ఒకే టెంపోలో వెళ్లారు. నేనూ ఎక్కాను, నన్ను ఎవరూ పిలవకపోయినా. దారంతా ఒకళ్లనొకళ్లు ప్రశ్నలడుగుతూ, తప్పు చెబితే దిద్దుకుంటూ వెళ్లారు. చూసేవాళ్లెవరైనా ఒక్క కుర్చీ కోసం వెళ్తున్నవాళ్లని అనుకోరు. లోపల ఒకరి తర్వాత ఒకర్ని చాలాసేపు అడిగారు. మధ్యాహ్నం దాటాక గుమాస్తా బయటికొచ్చి పేరు చదివాడు. సత్యశ్రీ.

అది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ కుర్చీ తనదైంది. దాదాపు రెండేళ్ల నుంచి కోరుకున్నది చేతికొచ్చింది. అయినా మనోజ్ వైపే చూస్తోంది.

మనోజ్ నవ్వాడు. నిజంగానే నవ్వాడు, అబద్ధం కాదు. "బధాయీ హో దీదీ. మీకే రావాలి" అన్నాడు. అని, మొహం కడుక్కొస్తానంటూ కాలేజీ వెనక పంపు దగ్గరికి వెళ్లాడు.

మేం వరండాలో నిలబడ్డాం. పంపు నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను పిలవబోతే సత్యశ్రీ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అతను చాలాసేపు కడుక్కున్నాడు.